కోపానికి కళ్ళెం ఎక్కడ ఉన్నది? మెదడు, అభ్యాసం, ప్రవర్తన



జుమా నమాజు ముగిసిన తరువాత మస్జిదు మెట్ల వద్ద మమ్మల్ని అడిగే ప్రశ్నలలో ఎక్కువ భాగం ఆరాధనలకో, వ్యాపార వ్యవహారాలకో సంబంధించినవే. అయితే ఇటీవల మరో విధమైన ప్రశ్నలు కూడా తరచుగా వినవస్తున్నాయి. "మౌలానా సాబ్, మా అబ్బా జీవితమంతా ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా నోరు పారేసుకుంటున్నారు. చావు జరిగిన ఇంట పరామర్శకు తీసుకువెళితే నవ్వుతున్నారు" అని ఒకరు. "ఇంటర్‌లో చేరినప్పటి నుండి మావాడు మాట్లాడితే చాలు మండిపడుతున్నాడు" అని మరొకరు. "రాత్రి షిఫ్టు చేసి వచ్చిన రోజున పిల్లల మీద చేయి చేసుకుంటున్నాను, తరువాత ఏడుపు వస్తున్నది" అని ఇంకొకరు.

ఈ మూడు ప్రశ్నలకు బంధువర్గంలో సిద్ధంగా ఉండే జవాబులు మనకు తెలిసినవే. ముసలితనంలో బుద్ధి చెడింది, పెంపకం సరిగా లేదు, ఎవరో ఏదో చేయించారు. ఈ జవాబులతో కాలం గడిచిపోతుంది. రోగం ముదురుతుంది, ఇంటి పరువు వీధిన పడుతుంది, పిల్లల మనసు విరుగుతుంది. అందువలన ఈ వారం మనం మెదడును గురించి, అందులోని ఏ భాగం మన భయాన్ని, కోపాన్ని, నేర్చుకునే శక్తిని, నడవడిని ఎలా మలుస్తున్నదో కొంత వివరంగా తెలుసుకుందాం. ఇది వైద్యుల పని కదా, మిమ్మల్ని ఎవరు అడిగారని కొందరు అనవచ్చు. ఒక మనిషి నడవడి మీద తీర్పు చెప్పే ముందు ఆ నడవడి ఎక్కడి నుండి వస్తున్నదో తెలుసుకోవడం తీర్పు చెప్పేవారి బాధ్యత అని మా అభిప్రాయం.

ఈ అన్వేషణ మనకు కొత్తది కాదు. వెయ్యేళ్ళ క్రితమే వైద్యుడు, తత్త్వవేత్త ఇబ్నె సీనా (980–1037) ఒక చక్కని ప్రశ్న వేశారు. తోడేలును చూసిన గొర్రె పారిపోతుంది. తోడేలు రంగును, ఆకారాన్ని గొర్రె కన్ను చూసింది, సరే. కాని 'ఇది నా శత్రువు' అన్న సంగతికి రంగు లేదు, ఆకారం లేదు. దానిని గొర్రెలోని ఏ శక్తి గ్రహించింది? ఆ శక్తికి ఆయన 'వహ్మ్' అని పేరు పెట్టి, మెదడులో దానికొక స్థానాన్ని కూడా నిర్ణయించారు. ఇంద్రియాలు తెచ్చిన రూపాలు మెదడు ముందు భాగపు గదిలో, శత్రుమిత్ర వివేచన మధ్య గదిలో, జ్ఞాపకం వెనుక గదిలో ఉంటాయని ఆయన వివరణ. ఆ గదులలో నిజానికి ఉండేది ద్రవమేననీ, పని అంతా వాటి చుట్టూ ఉన్న నాడీకణాలదేననీ తరువాతి శతాబ్దాలలో తేలింది. చిరునామా తప్పింది గాని, ప్రశ్న ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

నేటి విజ్ఞానశాస్త్రం ఆ గొర్రె ప్రశ్నకు చెప్పే జవాబులో ప్రధానమైనది ఒక చిన్న భాగం. కణతల లోపల లోతుగా, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, బాదం గింజ ఆకారంలో రెండు ముద్దలు ఉంటాయి. వాటిని అమిగ్డాలా అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు అర్థం బాదమే. ప్రమాదాన్ని పసిగట్టి దేహాన్ని అప్రమత్తం చేయడం దాని ముఖ్యమైన పనులలో ఒకటి. చందానగర్ వద్ద ముంబై రహదారిని దాటేవారికి ఇది అనుభవపూర్వకంగా తెలుసు. వెనుక నుండి హారన్ మోగగానే కాలు పక్కకు దూకుతుంది. వచ్చినది బస్సా, ఆటోనా అన్న సంగతి ఆ తరువాత గాని తెలియదు. గుండె దడ, అరచేతుల చెమట, బిగుసుకున్న దవడ ఇవన్నీ ఆ హెచ్చరిక ఫలితాలే. ఇబ్బంది ఏమిటంటే, బస్సుకు మోగిన గంటే "రేపు ఉదయం ఒకసారి మాట్లాడాలి" అని మేనేజరు పంపిన రెండు ముక్కల సందేశానికి కూడా మోగుతుంది. పెళ్ళిలో తోడల్లుడు వేసిన ఎత్తిపొడుపుకు కూడా మోగుతుంది.

ఈ గంట చెడ్డది కాదు. అరుదైన వ్యాధి వలన రెండువైపులా అమిగ్డాలా నశించిన ఒక అమెరికన్ మహిళను పరిశోధకులు ఎన్నో సంవత్సరాలు పరిశీలించారు. పాములను అమ్మే దుకాణానికి తీసుకువెళితే ఆమె వాటిని చేతిలోకి తీసుకొని ఆడించింది, వద్దంటున్నా పెద్ద పాములను తాకబోయింది. భయం లేని మనిషి ధైర్యవంతుడని మనం అనుకుంటాం. నిజానికి ఆ మనిషికి కాపలా లేదు.

గంట మోగిన తరువాత ఏమి చేయాలో నిర్ణయించేది మరొక భాగం. మన నుదుటి ఎముకకు సరిగ్గా వెనుక ఉన్న మెదడు పొరను ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటారు. 'ఆగు, ఇది బస్సు కాదు, తోడల్లుడి మాట మాత్రమే' అని చెప్పేది అది. నోటి దాకా వచ్చిన మాటను వెనుకకు మళ్ళించేది, ఈ రోజు కోరికను రేపటి మేలు కోసం ఆపేది, ఎదుటివాని ముఖం చిన్నబోయిందని గమనించి మాట మార్పించేది ప్రధానంగా అదే. దీనిని మనం గుర్రానికి వేసే కళ్ళెంతో పోల్చవచ్చు. కళ్ళెం గుర్రాన్ని చంపదు, దారిలో నడిపిస్తుంది.

కళ్ళెం తెగితే ఏమవుతుందో ప్రపంచానికి మొదట తెలిపిన సంఘటన 1848 సెప్టెంబర్ 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జరిగింది. ఫినియాస్ గేజ్ అనే పాతికేళ్ళ యువకుడు రైలుమార్గం కోసం బండలు పేల్చే కూలీలకు మేస్త్రీ. మందుగుండు దట్టిస్తుండగా అది పేలి, సుమారు 110 సెంటీమీటర్ల పొడవు, 6 కిలోల బరువు ఉన్న ఇనుప కడ్డీ అతని ఎడమ చెంప కింద నుండి దూరి నడినెత్తి గుండా బయటపడింది. అతడు బ్రతికాడు! మాట్లాడాడు, నడిచాడు. కాని చికిత్స చేసిన వైద్యుడు జాన్ హార్లో వ్రాసినదాని ప్రకారం, ప్రమాదానికి ముందు నిలకడ కలిగిన మనిషి తరువాత చపలచిత్తుడై, అమర్యాదగా మాట్లాడుతూ, ఏ పథకం మీదా నిలవనివాడైనాడు. స్నేహితులు అతడిని తమకు తెలిసిన గేజ్ కాదన్నారు.

పుస్తకాలలో సాధారణంగా కథ ఇక్కడితో ఆపేస్తారు. అది సరికాదు. గేజ్ ఆ తరువాత 11 సంవత్సరాలకు పైగా జీవించాడు. చిలీ దేశానికి వెళ్ళి, అక్కడ ఎన్నో ఏళ్ళు గుర్రపు బండ్లను తోలాడు. వేళకు లేవడం, ప్రయాణికులతో మెలగడం, అనేక గుర్రాల పగ్గాలను ఏకకాలంలో అదుపు చేయడం కళ్ళెం పూర్తిగా తెగినవాడు చేయగల పనులు కావు. క్రమబద్ధమైన దినచర్య అతడిని కొంతవరకైనా తిరిగి నిలబెట్టిందని పలువురు పరిశోధకులు భావిస్తున్నారు. దెబ్బతిన్న మెదడుకు కూడా క్రమం మేలు చేస్తుందన్న ఈ సంగతి, ఇంట్లో అటువంటి రోగి ఉన్నవారికి ఎంతో అవసరం.

అభ్యాసం సంగతికి వద్దాం. అమిగ్డాలా పక్కనే, సముద్రగుర్రం ఆకారంలో వంపు తిరిగి ఉండే భాగం హిప్పోకాంపస్. ఈ రోజు విన్నది రేపటికి నిలవాలంటే అది ఈ ద్వారం గుండా పోవలసిందే. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ మూర్ఛ రోగికి రెండువైపులా ఈ భాగాన్ని చాలా మేరకు తొలగించారు. మూర్ఛలు తగ్గాయి గాని, ఆ రోజు నుండి 2008లో మరణించే వరకు అతడు కొత్త సంఘటన దేనినీ గుర్తుంచుకోలేకపోయాడు. అతడిని పరిశీలించిన బ్రెండా మిల్నర్ మరొక వింతను గమనించింది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయమంటే, రోజు రోజుకూ అతని చేయి మెరుగుపడింది. 'ఈ పని నేనెప్పుడూ చేయలేదు' అని అంటూనే చక్కగా గీసేవాడు. అంటే, సంగతులను గుర్తుంచుకునే దారి ఒకటి, చేతికీ కాలికీ పట్టుబడే విద్య దారి మరొకటి. ఈ రెండవ దారి మెదడు లోపలి బేసల్ గాంగ్లియా, వెనుక భాగపు సెరిబెల్లం మొదలైన వాటి గుండా పోతుంది.

మనవడి పేరు మరచిన దాదీమా వుజూ క్రమాన్ని మాత్రం తప్పకపోవడం కొందరి ఇళ్ళలో చూసే ఉంటారు. అది నటన కాదు. దశాబ్దాల పాటు ప్రతిదినం చేసిన పని వేరే దారిలో నిలిచి ఉంటుంది. "అవన్నీ గుర్తుంటాయి, మనం మాత్రం గుర్తుండం" అని కోడళ్ళు నొచ్చుకోవడం సహజమే, కాని ఆ నొప్పికి ఆధారం లేదు.

సోదరులారా! ఇంతవరకు చెప్పిన ఉదాహరణలు దూరదేశాలవి. మన హైదరాబాదు ఈ రంగంలో ప్రపంచానికి నేర్పిన పాఠం ఒకటి ఉన్నది. అది మన ఇళ్ళలో రోజూ జరిగే ఒక పనికి సంబంధించినది. అందువలన దానిని కొంత తీరికగా చెప్పుకుందాం.

పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో మతిమరుపు రోగుల కోసం నడిచిన క్లినిక్‌లో నాడీవైద్యురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్‌తో కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించారు. డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన, నడవడి క్రమంగా క్షీణించి, దైనందిన జీవితమే కష్టమయ్యే వ్యాధి స్థితి. ఆ 648 మందిలో 391 మంది రెండు గాని, అంతకంటే ఎక్కువ గాని భాషలు మాట్లాడేవారు. 2013లో 'న్యూరాలజీ' అనే వైద్యపత్రికలో ప్రచురించిన ఫలితం ఇది: ఒకే భాష మాట్లాడేవారికంటే, రెండు భాషల వారికి వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలయ్యాయి.

ఇటువంటి ఫలితం అంతకు ముందు కెనడాలో కూడా వచ్చింది. అయితే అక్కడ రెండు భాషల వారిలో అనేకులు వలస వచ్చినవారు. కనుక తేడా భాషది కాదు, వలస వచ్చినవారి ఆహారానిదో, ఓపికదో కావచ్చని విమర్శకులు అన్నారు. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. ఇక్కడ ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, కార్యాలయంలో హిందీ లేక ఇంగ్లీషు మాట్లాడేవారు ఇక్కడే పుట్టి పెరిగినవారు. చదువుకున్నవారికి భాషలు ఎక్కువ వస్తాయి కనుక ఇది చదువు మహిమే అన్న సందేహం కూడా ఉన్నది. దానికి కూడా ఈ నగరమే జవాబిచ్చింది. బడి ముఖం చూడని రోగులలో సైతం రెండు భాషల వారికి వ్యాధి ఆలస్యంగానే వచ్చింది. సంతకం చేయడం రాని మన నానీమా తెలుగులో బేరమాడి, ఉర్దూలో దుఆ చేసి, రెండింటినీ కలిపి మనవళ్ళను మందలించడం మెదడుకు ఎంత పెద్ద సాధనో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

దీనికి కారణం ఏమై ఉంటుంది? రెండు భాషలు వచ్చినవాడు ఒక భాషలో మాట్లాడుతున్నప్పుడు రెండవది నిద్రపోదు. 'పానీ' అన్న మాట నాలుక చివరి దాకా వస్తుంది, దానిని ఆపి 'నీళ్ళు' అనాలి. ఎదుట ఉన్నవారు ఎవరు, ఇక్కడ ఏ భాష మర్యాద అన్నది కనిపెట్టాలి. ఈ ఆపడం, మార్చడం, కనిపెట్టడం నుదుటి వెనుక భాగం, దానితో ముడిపడిన భాగాలు చేసే పనులు. కోపాన్ని ఆపే కళ్ళెం ఉన్నదీ ఆ ప్రాంతంలోనే. రెండు భాషల వాడు ఆ ప్రాంతానికి రోజుకు వందల సార్లు తెలియకుండానే కసరత్తు చేయిస్తున్నాడని పరిశోధకుల వివరణ. మూడు, నాలుగు భాషలు వచ్చినవారికి అదనపు లాభం మాత్రం కనిపించలేదు. మన ఊరి బహుభాషా పండితులు దీనిని క్షమించాలి!

ఆ తరువాత ఇదే బృందం వ్యాధులను వేరు చేసి చూసింది. డిమెన్షియాలో ఒక రకం జ్ఞాపకం మీద కాక, ముందుగా నుదుటి భాగం, కణతల భాగం మీద దాడి చేస్తుంది. దానిని ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అంటారు. ఇది తరచుగా 45 నుండి 65 ఏళ్ళ మధ్యనే మొదలవుతుంది. ఇందులో ఒక శాఖ మాటను దెబ్బతీస్తుంది, మరొక శాఖ నడవడిని. నడవడి శాఖలో రెండు భాషల వారికి వ్యాధి సుమారు ఆరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. మాట దెబ్బతినే శాఖలో ఆ తేడా కనిపించలేదు. భాషల సాధన వలన మేలు భాషకు కలుగుతుందని మనం అనుకుంటాం, అది కలిగినది నిగ్రహానికి. 2016లో వెలువడిన మరొక అధ్యయనంలో, నిమ్స్‌లో నమోదైన 608 మంది పక్షవాత రోగులను చూశారు. పక్షవాతం తరువాత ఆలోచనాశక్తి మామూలుగా మిగిలినవారు రెండు భాషల వారిలో సుమారు 40 శాతం, ఒకే భాష వారిలో సుమారు 20 శాతం. మాట పడిపోవడంలో మాత్రం ఇరువురికీ తేడా లేదు.

ఈ ఫలితాలను ఉన్నదానికంటే పెంచి చెప్పడం ధర్మం కాదు. రెండు భాషలు వ్యాధిని ఆపలేదు, ఆలస్యం చేశాయి. ఇతర దేశాలలో ఆరోగ్యవంతులైన వృద్ధులను ఏళ్ళ తరబడి గమనించిన కొన్ని అధ్యయనాలలో ఈ ఆలస్యం కనిపించలేదు కూడా. వాదం ఇంకా సాగుతున్నది. అయినప్పటికీ, లింగంపల్లి నుండి మాదాపూర్ దాకా ఉన్న అపార్టుమెంట్లలో పిల్లలతో ఇంగ్లీషు తప్ప మరేదీ మాట్లాడని తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించాలి. ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి, కాదనము. దాని కోసం ఉర్దూనో, తెలుగునో ఇంటి నుండి గెంటివేయనవసరం లేదు. తన మాట అర్థం కాని మనవడి ఎదుట మౌనంగా కూర్చునే నానీమాను చూసినప్పుడు, ఆ ఇంట నష్టం ఒక్క ఆమెది మాత్రమే కాదని మాకు అనిపిస్తుంది.

మన సమీపంలోనే జరిగిన మరొక పనిని కూడా ప్రస్తావించాలి. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు 2019లో భారతీయుల మెదడుకు ఒక ప్రామాణిక చిత్రపటాన్ని వెలువరించారు. అప్పటి వరకు వైద్యులు పోల్చి చూసుకునే పటం కెనడాలోని మాంట్రియల్‌లో, పాశ్చాత్యుల మెదళ్ళ ఆధారంగా తయారైనది. మన మెదడు ఎత్తు, వెడల్పు, పరిమాణం సగటున దానికంటే కొంత తక్కువని తేలింది. దీనికీ తెలివితేటలకూ ముడిపెట్టి నవ్వుకున్నవారు ఉన్నారు, అది తెలియనితనం. వయసుతో పాటు వచ్చే వ్యాధిలో హిప్పోకాంపస్ కుంచించుకుపోతుంది. మరొకరి కొలబద్దతో కొలిస్తే, కుంచించుకుపోని మెదడు కూడా కుంచించుకుపోయినట్లు కనిపించవచ్చు. అందుకే మన కొలబద్ద మనకు కావలసి వచ్చింది.

యువకుల సంగతి చూద్దాం. అమిగ్డాలా బాల్యంలోనే చురుకుగా పనిచేస్తుంది. నుదుటి వెనుక కళ్ళెం మాత్రం మెదడులో అన్నిటికంటే ఆలస్యంగా, ఇరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా పక్వమవుతూనే ఉంటుంది. పదహారేళ్ళ కుర్రవాడికి గుర్రం పెద్దది, కళ్ళెం చిన్నది. ఇది వాడి తప్పులన్నిటికీ సమర్థన కాదు. వాడితో ఎలా మాట్లాడాలో చెప్పే సమాచారం. గంట మోగుతున్నప్పుడు వాడికి చేసే బోధ వాడి చెవికి చేరదు. గంట ఆగిన తరువాత, పక్కన కూర్చుని, తక్కువ మాటలలో చెప్పినది చేరుతుంది. అందరి ఎదుటా అవమానించి నేర్పిన పాఠం సంగతి కూడా అంతే. బెత్తం చూసిన పిల్లవాడు బెత్తాన్ని బాగా గుర్తుంచుకుంటాడు, పాఠాన్ని కాదు. భయాన్ని భద్రపరచడం అమిగ్డాలాకు చాలా బాగా తెలుసు. మక్తబులలో చదువు చెప్పే సోదరులు దీనిని ప్రత్యేకంగా గమనించవలసినదిగా మనవి. హిఫ్జ్ చేసే పిల్లలకు పాత పాఠాన్ని రోజుల విరామంతో మళ్ళీ మళ్ళీ అప్పజెప్పించే మన పాత పద్ధతి ఉన్నదే, జ్ఞాపకశక్తి మీద జరిగిన ఎన్నో పరిశోధనలు ఆ పద్ధతినే సమర్థిస్తున్నాయి. దానికి బెత్తం అవసరం ఏనాడూ లేదు.

పగలు నేర్చుకున్నదానిని హిప్పోకాంపస్ నిద్రలో తిరిగి నెమరువేసి మెదడు పైపొరలకు అప్పగిస్తుంది. కనుక పరీక్ష ముందు రాత్రంతా మేలుకున్న విద్యార్థి, పంట కోసి గాదెకు చేర్చని రైతు వంటివాడు. నిద్రలేమి కోపాన్ని కూడా పెంచుతుంది. 2007లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో, ఒక రాత్రి నిద్ర లేనివారికి బాధ కలిగించే చిత్రాలను చూపగా, వారి అమిగ్డాలా స్పందన నిద్రపోయిన వారికంటే సుమారు 60 శాతం అధికంగా ఉన్నది. దానికీ నుదుటి భాగానికీ మధ్య సంబంధం సడలింది. గంట గట్టిగా మోగింది, కళ్ళెం వదులైంది. తెల్లవారుజామున హైటెక్ సిటీ నుండి క్యాబులో ఇల్లు చేరే వేలాదిమంది స్థితి ఇదే. ఉద్యోగం మానమని చెప్పడం సులభం, ఇంటి వాయిదా మేము కట్టము కదా! కాబట్టి చేయగలిగినది చెబుతున్నాము. ఇల్లు చేరిన మొదటి గంటలో ఫీజులు, బంధువుల తగవులు, మార్కుల ముచ్చట్లు ఎత్తకూడదని ఇంటిల్లిపాదీ ఒప్పందం చేసుకోవాలి. గదిని చీకటిగా ఉంచాలి. సెలవు రోజున కూడా నిద్ర వేళను పూర్తిగా తారుమారు చేయకూడదు. పగటిపూట నిద్రపోతున్న కొడుకును సోమరి అనడం పెద్దలు మానుకోవాలి.

ఇక్కడ ఒక సందేహం తప్పక తలెత్తుతుంది. అన్నీ మెదడు భాగాలే చేయిస్తుంటే, మనిషికి బాధ్యత ఎక్కడ? భార్యను తిట్టినవాడు "నా అమిగ్డాలా" అని తప్పించుకోవచ్చునా? మా జవాబు సూటిగా ఉంటుంది. అదే మనిషి కార్యాలయంలో మేనేజరు అవమానించినప్పుడు ఏమి చేస్తున్నాడో చూడండి. తల వంచుకొని, "సరే సర్" అని, చిరునవ్వు తెచ్చుకొని బయటకు వస్తున్నాడా? అయితే అతని కళ్ళెం చక్కగా పనిచేస్తున్నది. జీతం ఇచ్చేవాని ఎదుట బిగించి, అన్నం పెట్టే ఇల్లాలి ఎదుట వదిలివేస్తున్నాడు, అంతే. ఇది రోగం కాదు, ఎంపిక. ఇంటా బయటా, మిత్రుని ఎదుటా శత్రువు ఎదుటా, తనకే నష్టం కలిగే చోట కూడా ఆపుకోలేనివాని సంగతి వేరు. ముఖ్యంగా ఒకప్పుడు ఆపుకోగలిగి, ఇప్పుడు ఆపుకోలేకపోతున్నవాని సంగతి వేరు. నిద్రలో ఉన్నవానిని, యుక్తవయసుకు రాని బాలుని, మతి స్థిమితం కోల్పోయినవానిని లెక్క నుండి మినహాయించడం మన ధర్మశాస్త్రంలో ప్రసిద్ధమైన సూత్రం. మతి తప్పడం అంటే బట్టలు చించుకోవడమేనని అనుకుంటాం. నుదుటి భాగం క్షీణించిన మనిషి శుభ్రమైన బట్టలు కట్టుకొని, లెక్కలు సరిగా చెబుతూ, దారి తప్పకుండా నడుస్తూనే, సిగ్గును, దయను కోల్పోవచ్చు. జ్ఞాపకం బాగానే ఉన్నది కనుక ఇది కావాలని చేస్తున్నదే అని ఇంటివారు పొరబడేది ఇక్కడే.

ఇటువంటి మార్పు ఇంటి పెద్దలో కనిపిస్తే ఏమి చేయాలి? ముందుగా, మార్పు ఎంత వేగంగా వచ్చిందో గమనించాలి. గంటలలో లేక ఒకటి రెండు రోజులలో వచ్చిన తికమకకు పక్షవాతం గాని, ఇన్ఫెక్షన్ గాని, చక్కెర పడిపోవడం గాని కారణం కావచ్చు. అది తాయెత్తులు వెతికే సమయం కాదు, వెంటనే అత్యవసర విభాగానికి తీసుకుపోవాలి. నెలల తరబడి మెల్లగా వచ్చిన మార్పుకు నాడీవైద్యుని చూపించాలి. థైరాయిడ్ లోపం, విటమిన్ బి 12 లోపం, కుంగుబాటు, తలకు తగిలిన దెబ్బ వలన లోపల పేరుకున్న రక్తం మొదలైనవి కూడా నడవడిని మారుస్తాయి. వీటికి చికిత్స ఉన్నది. పరీక్ష చేయించకుండా "వయసు" అని సరిపెట్టుకున్న ఇళ్ళలో, నయమయ్యే రోగం కూడా నయం కాకుండా మిగిలిపోతున్నది. ఫ్రంటోటెంపోరల్ రకాన్ని నయం చేసే మందు నేటికీ లేదు. అయినా వ్యాధి పేరు తెలిసిన నాటి నుండి ఇంటివారి కోపం తగ్గుతుంది. అది చిన్న మేలు కాదు.

ఎవరిని అడగాలో తోచనివారు ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు రోగితో కలిసి ఒకే ఇంట ఉండే మనిషి తప్పక వెంట వెళ్ళాలి. ఎందుకంటే ఈ రోగి "నాకేమీ లేదు" అనే అంటాడు, తన మార్పు తనకు తెలియకపోవడం ఈ వ్యాధి లక్షణాలలో ఒకటి. మొదటి మార్పు ఏ నెలలో కనిపించింది, అప్పుడు ఏమి జరిగింది, ఇప్పుడు ఏయే మందులు వాడుతున్నారు అన్నది ఒక కాగితం మీద వ్రాసుకొని, పాత చీటీలతో సహా తీసుకువెళ్ళాలి. రోగి ఎదుట ఆయన చేసిన పనులను ఏకరువు పెట్టకుండా ఆ కాగితాన్ని వైద్యునికి అందించాలి. బ్యాంకు పుస్తకాలు, స్థలం పత్రాలు, ఫోనులోని డబ్బు చెల్లింపులు నమ్మకమైన వారసుల ఉమ్మడి పర్యవేక్షణలోకి ముందే తేవాలి. ఈ రోగులను మాటలతో మోసగించడం సులభం. ఆయన రోజూ వెళ్ళే కిరాణా దుకాణం యజమానికి, మస్జిదులో మొదటి వరుసలో ఆయన పక్కన నిలబడేవారికి విషయాన్ని ముందుగా, నెమ్మదిగా చెప్పి ఉంచాలి.

అలా చెప్పడానికి సంకోచించే కుటుంబాలు మా వద్దకు రావచ్చు. ఆ మాట మేమే చెబుతాము.